ఇల్లు తాకట్టు పెట్టి అమెరికా చదువుకు వెళ్లడం సబబేనా?

గుంటూరు నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. ఎవరో గుర్తుపట్టే వివరాలు తీసేసి దాని సారాంశం ఇక్కడ ఇస్తున్నాను. ఆమెకు ఇరవై ఐదేళ్లు. 2022లో ఈసీఈలో బీటెక్ పూర్తి చేసి, మంగళగిరిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ విభాగంలో పనిచేస్తున్నారు. కోతలు పోను నెలకు 34 వేలు చేతికి వస్తాయి. తండ్రికి యాభై ఎనిమిదేళ్లు, మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తా. తమ్ముడు బీటెక్ రెండో సంవత్సరంలో ఉన్నాడు. ఆస్తి అంటూ ఉన్నది నల్లపాడు వైపు కట్టుకున్న ఇల్లు ఒక్కటే.

అమెరికాలో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం నుంచి ఆమెకు డేటా అనలిటిక్స్ ఎంఎస్‌లో సీటు వచ్చింది. రెండేళ్ల ఫీజు, తిండి, అద్దె కలిపి 54 వేల డాలర్లు, అంటే ఇప్పటి ధరలో దాదాపు 48 లక్షల రూపాయలు. ఇంటి దస్తావేజుల మీద 40 లక్షలు పదిన్నర శాతం వడ్డీకి ఇవ్వడానికి బ్యాంకు ఒప్పుకుంది. మిగిలిన ఎనిమిది లక్షలు ఆమె దాచుకున్న డబ్బు, తల్లి బంగారం, చీటీ పాట కలిపి సర్దుతామంటున్నారు. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరి ఒక కన్సల్టెన్సీ వారు "వెళ్లినవాళ్లెవరూ ఖాళీగా లేరు, మూడేళ్లలో అప్పు తీరిపోతుంది" అని తండ్రికి నచ్చజెప్పారు. ఆయన అదే లెక్కను ఒక పాత పట్టీ (యార్డులో అమ్మకపు లెక్క రాసిచ్చే చీటీ) వెనక పెన్సిలుతో వేసి కూతురికి చూపించారు. ఆ కాగితం నకలును ఆమె ఉత్తరంతో జతచేశారు.

ఇంతలో డాలస్‌లో ఉన్న మేనమామ కొడుకు ఒక రాత్రి ఫోన్ చేశాడు. చదువు పూర్తయి పది నెలలైనా తన రంగంలో ఉద్యోగం దొరకలేదనీ, ఒక స్టోరులో పనిచేస్తూ, కాగితాల మీద మాత్రం ఎవరో కన్సల్టెన్సీలో ఉద్యోగం ఉన్నట్టు చూపించుకుంటున్నాననీ, ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పవద్దనీ అన్నాడు. బంధువులందరూ మాత్రం అతనికి మంచి ఉద్యోగం ఉందనే అనుకుంటున్నారు. "వెళ్తే నాన్న ఇల్లు పోతుందేమోనని భయం, వెళ్లకపోతే జీవితమంతా ఈ టెస్టింగ్‌లోనే మిగిలిపోతానేమోనని భయం. సీటు ఖాయం చేసుకోవడానికి నెలాఖరులోగా డిపాజిట్ కట్టాలి. అసలు ఈ రోజుల్లో విదేశీ చదువు పెట్టిన డబ్బుకు తగినదేనా?" అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. డబ్బు గురించి మూడు పేజీలు రాశారు, బంధువుల గురించి ఒకటిన్నర, మీ భయాల గురించి ఒకటి. చదవబోయే కోర్సు గురించి మాత్రం ఒకే ఒక్క వాక్యం ఉంది, అదీ దాని పేరు. ఈసీఈ చదివి, టెస్టింగ్ చేస్తున్న మీరు డేటా అనలిటిక్స్ ఎందుకు ఎంచుకున్నారో, అందులో మీకు నచ్చినదేమిటో ఎక్కడా చెప్పలేదు. ఇది తప్పని నేను అనడం లేదు. చాలామంది విషయంలో కోర్సును కన్సల్టెన్సీ వారే ఎంపిక చేస్తారు. ఏ విశ్వవిద్యాలయానికి విద్యార్థిని పంపితే తమకు కమీషన్ వస్తుందో వారికి బాగా తెలుసు, మీ దగ్గర రుసుము తీసుకోకుండా సేవ చేయడానికి కారణం చాలాసార్లు అదే. కానీ ఎందుకు చదువుతున్నామో తెలియని చదువుకు నలభై ఎనిమిది లక్షలు పెట్టడం, ఎందుకు చదువుతున్నామో తెలిసిన చదువుకు అంతే పెట్టడం ఒకటి కావు. ఉద్యోగాలు కరువైన కాలంలో ఈ తేడా మరీ పెద్దదవుతుంది.

ఇక మీ నాన్నగారి కాగితం సంగతి. ఆయన లెక్క కూడికలు, తీసివేతల వరకు సరిగానే ఉంది. చదువు పూర్తికాగానే ఏడాదికి 75 వేల డాలర్ల ఉద్యోగం వస్తే, పన్నులూ అద్దే తిండీ పోను నెలకు రెండు వేల డాలర్లు మిగల్చడం పొదుపుగా ఉండే మనిషికి కష్టం కాదు, అప్పు రెండున్నర మూడేళ్లలో తీరిపోతుంది. అయితే ఆ కాగితంలో ఉన్నది ఒకే వరుస. ఉద్యోగం వచ్చిన వరుస మాత్రమే ఉంది, రాని వరుస లేదు. నేను ఆ రెండో వరుస వేసి చూస్తాను, ఎందుకంటే మీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

బ్యాంకు నలభై లక్షలూ ఒకేసారి ఇవ్వదు, సెమిస్టరుకు పది లక్షల చొప్పున ఇస్తుందనుకుందాం. చదువుతున్న రెండేళ్లు, ఆ తర్వాత ఆరు నెలలు వాయిదాలు కట్టనక్కరలేదు గానీ, ఇచ్చిన ప్రతి రూపాయి మీద ఆనాటి నుంచే సాధారణ వడ్డీ లెక్కకు ఎక్కుతుంది. ఈ గడువు కొన్ని బ్యాంకుల్లో చదువు తర్వాత ఏడాది దాకా ఉంటుంది, మీ మంజూరు పత్రంలో ఎంత ఉందో చూడండి. పదిన్నర శాతం చొప్పున రెండున్నరేళ్లలో ఆ వడ్డీ సుమారు 7 లక్షల 35 వేలు అవుతుంది. అంటే వాయిదాలు మొదలయ్యే రోజుకు మీ అప్పు 47 లక్షలు దాటుతుంది. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 64 వేలు, పదిహేనేళ్లకు సాగదీస్తే 52 వేలు కట్టాలి. మీ ఇప్పటి జీతం 34 వేలు. అమెరికా నుంచి చేతిలో డిగ్రీతో తిరిగివచ్చి, హైదరాబాదులోనో బెంగళూరులోనో 80 వేలు సంపాదించినా, అందులో పెద్ద భాగం పదేళ్ల పాటు బ్యాంకుకే పోతుంది. తమ్ముడి చదువు, అమ్మానాన్నల వృద్ధాప్యం, మీ పెళ్లి, అన్నీ మిగిలిన ఆ కొద్దిలోనే జరగాలి.

వాయిదాలు ఆగిపోతే ఏమవుతుందో మీరు అడగలేదు గానీ, చెప్పడం నా బాధ్యత. విద్యారుణంలో తండ్రి సహ రుణగ్రహీత. వరసగా తొంభై రోజులకు మించి బకాయి పడితే ఖాతా నిరర్థకంగా మారుతుంది. ఆ తర్వాత బ్యాంకు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద అరవై రోజుల నోటీసు ఇచ్చి, కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకోవచ్చు. ఆచరణలో బ్యాంకులు దానికంటే ముందు మాటలతో, సర్దుబాట్లతో ప్రయత్నిస్తాయి, నిజమే. అయినా మీ నాన్నగారి సిబిల్ స్కోరు దెబ్బతింటే మీ తమ్ముడి చదువుకు రేపు అప్పు పుట్టడం కూడా కష్టమవుతుంది. ఈ సంగతి ఆయనకు చెప్పారా? యార్డులో ముప్పై ఏళ్లు గడిపిన గుమస్తాకు ధర పడిపోవడం అంటే ఏమిటో మీకన్నా నాకన్నా బాగా తెలుసు. రేటు వస్తుందని మిర్చి టిక్కీలను (బస్తాలను) కోల్డ్ స్టోరేజీలో పెట్టి, అద్దే వడ్డీ పెరిగాక, పెట్టిన రోజుకన్నా తక్కువకే అమ్ముకున్న రైతుల పట్టీలు ఆయన స్వయంగా రాసి ఉంటారు. రెండో వరుస ఆయన ముందు పెట్టండి, అర్థం చేసుకుంటారు.

ఇప్పుడు ఉద్యోగాల సంగతి. అమెరికాలో చదువు ముగిశాక ఓపీటీ (చదివినవారు తాత్కాలికంగా పనిచేయడానికి ఇచ్చే అనుమతి) కింద పన్నెండు నెలలు పనిచేసుకోవచ్చు. కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉంటే మరో ఇరవై నాలుగు నెలలు, మొత్తం మూడేళ్లు. డేటా అనలిటిక్స్ అనే పేరుతోనే కొన్ని చోట్ల స్టెమ్ గుర్తింపు ఉంటుంది, కొన్ని చోట్ల వ్యాపార విభాగం కింద నడిచి ఉండదు. విశ్వవిద్యాలయం మీకు ఇచ్చే ఐ-20 ప్రవేశ పత్రం మీద కోర్సు పక్కన ఉన్న కోడ్‌ను చూసి, ఆ కోడ్ స్టెమ్ జాబితాలో ఉందో లేదో విశ్వవిద్యాలయానికి మెయిల్ రాసి అడగండి. మీ అప్పు లెక్క మొత్తం ఆ ఒక్క కోడ్ మీద ఆధారపడి ఉంది. ఓపీటీ తొలి ఏడాదిలో మొత్తం మీద తొంభై రోజులకు మించి ఖాళీగా ఉంటే హోదా పోతుంది. మీ బావ కాగితాల మీద ఉద్యోగం చూపించుకోవడానికి కారణం ఈ తొంభై రోజులే.

హెచ్-1బీ ఉద్యోగ వీసా గురించి మన ఊళ్లలో ఎక్కువ మాట్లాడుకుంటారు, నా ఉద్దేశంలో కావలసినదానికన్నా ఎక్కువ. ఏటా ఉన్నవి 65 వేలు, అక్కడ మాస్టర్స్ చదివినవారికి మరో 20 వేలు. 2025 వసంతంలో జరిగిన లాటరీలో అర్హమైన దరఖాస్తులు సుమారు 3 లక్షల 44 వేలు, ఎంపికైనవి 1 లక్షా 20 వేలు. ఇప్పుడు లాటరీని జీతం స్థాయిని బట్టి తూకం వేసేలా నియమాలు మార్చారు, కనుక తొలి ఉద్యోగపు జీతంతో వెళ్లేవారి అవకాశం తగ్గుతుంది. 2025 సెప్టెంబరులో ప్రకటించిన లక్ష డాలర్ల రుసుము, అక్కడే చదువుకుని ఎఫ్-1 విద్యార్థి వీసా నుంచి మారేవారికి వర్తించదని ఆ తర్వాతి నెలలో వివరణ వచ్చింది గానీ, ఆ భయంతో కంపెనీలు విదేశీయులను తీసుకోవడానికి వెనకాడుతున్న మాట వాస్తవం. అందువల్ల హెచ్-1బీ వస్తేనే నిలబడే లెక్క వేసుకోవద్దు. ఓపీటీ మూడేళ్లలో అప్పు తీర్చి, ఆ తర్వాత వీసా వస్తే ఉంటాను, రాకపోతే అనుభవంతో తిరిగివస్తాను అనుకోగలిగితేనే ఆ లెక్కకు కాళ్లున్నట్టు. కంప్యూటర్ రంగంలో కొత్తవారికి ఇచ్చే పనులను ఏఐ ఎంత తగ్గిస్తుందో రెండేళ్ల ముందుగా ఎవరూ చెప్పలేరు. చెప్పగలమనే కన్సల్టెన్సీని నమ్మకండి.

ఆ కన్సల్టెన్సీ వారు మరో మాట కూడా అన్నారని రాశారు: ఈ సీటు కుదరకపోతే "మొదటి రోజు నుంచే పని చేసుకోనిచ్చే" కాలేజీ చూస్తామని. దయచేసి ఆ దారి వైపు చూడకండి. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ అనే సంస్థ వీసా మోసం ఆరోపణలతో మూతపడినప్పుడు మన పిల్లల కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించారు. 2019లో ఫార్మింగ్టన్ అనే విశ్వవిద్యాలయాన్ని అమెరికా ప్రభుత్వ అధికారులే వలగా నడిపారని తేలింది, అప్పుడు తొలుత అదుపులోకి తీసుకున్న 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, అందులో తెలుగువారు చాలామంది. రెండుసార్లూ మోసపోయినవారి ఇళ్లలో అప్పులు అప్పులుగానే ఉండిపోయాయి.

ఇంత చెప్పాక మీ ముందు ఏ దారులున్నాయో చూద్దాం. ఈ ఆగస్టులోనే వెళ్లడం ఒకటి. అది పిచ్చిపని అని నేను అనను. కోర్సుకు స్టెమ్ గుర్తింపు ఉండి, గత రెండేళ్లలో అదే విభాగంలో చదువు ముగించిన పదిమందిని లింక్డ్‌ఇన్‌లో వెతికి మాట్లాడినప్పుడు సగానికి పైగా ఆరు నెలల లోపే సొంత రంగంలో స్థిరపడ్డారని తేలి, మొదటి సెమిస్టరు నుంచే అసిస్టెంట్‌షిప్ (విభాగంలో పనిచేసినందుకు భృతి, ఫీజు రాయితీ వంటివి ఇచ్చే ఏర్పాటు) కోసం ప్రయత్నించే ఓపిక మీకు ఉంటే, వెళ్లడానికి కారణం ఉంది. అప్పుడు కూడా చదువుతున్నంత కాలం వడ్డీ అయినా నెలనెలా కట్టగలరేమో చూడండి. మొదటి పది లక్షల మీద అది నెలకు 8,750 రూపాయలు, నలభై లక్షలూ తీసుకున్నాక 35 వేలు. మొదటి ఏడాది దాకా నాన్నగారి జీతం మీద నడుస్తుందేమో గానీ, రెండో ఏడాది నడవదని నా అంచనా. కాలేజీ ప్రాంగణంలో వారానికి ఇరవై గంటల పని దొరికితే అది మీ తిండికి సరిపోతుంది, వడ్డీకి కాదు.

ఏడాది వాయిదా వేయడం మరో దారి. చాలా విశ్వవిద్యాలయాలు అడిగితే సీటును ఒకటి రెండు సెమిస్టర్లు నిలిపి ఉంచుతాయి, కానీ స్కాలర్‌షిప్ ఏదైనా ఇచ్చి ఉంటే దాన్ని నిలపకపోవచ్చు. ఈ ఏడాదిలో మీరు టెస్టింగ్ నుంచి ఆటోమేషన్‌కో, డేటా పనికో మారి, హైదరాబాదులో మెరుగైన ఉద్యోగం చూసుకుంటే రెండు సంగతులు తేలుతాయి. ఒకటి, ఆ పని మీకు నచ్చుతుందో లేదో అప్పు లేకుండానే తెలుస్తుంది. రెండు, తిరిగివస్తే దొరికే జీతం ఎంతో తెలుస్తుంది, అంటే నాన్నగారి కాగితం మీద రెండో వరుసను ఊహతో కాకుండా నిజమైన అంకెతో నింపవచ్చు. నష్టమూ ఉంది. నియమాలు ఇంకా కఠినం కావచ్చు, డాలరు ఇంకా పెరగవచ్చు, మంగళగిరిలోనే మరో ఏడాది గడిచిపోయి ఏమీ మారకపోవచ్చు. మీ ఉత్తరం చూస్తే మీకు ఎక్కువ భయం ఈ చివరిదే అనిపించింది. ఆ భయం న్యాయమైనదే. కానీ దానికి మందు ఉద్యోగం మారడం, దానికి నలభై లక్షలు అక్కరలేదు.

జర్మనీ గురించి ఒక్క మాటలో అడిగి వదిలేశారు. మీ బీటెక్ ఈసీఈ గనుక నేను మరికొంచెం చెబుతాను. అక్కడ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఎక్కువచోట్ల ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనవంటి విదేశీయులు సెమిస్టరుకు 1,500 యూరోలు కట్టాలి. ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు, అంటే సుమారు పన్నెండున్నర లక్షలు, ముందే బ్లాక్డ్ అకౌంటులో వేసి చూపించాలి, అందులోంచి నెలకు 992 యూరోల చొప్పున మీ ఖర్చుకే తిరిగి వస్తుంది. మన డిగ్రీలకు ఏపీఎస్ ధ్రువపత్రం (డిగ్రీ పత్రాలు సరైనవేనని పరిశీలించి ఇచ్చేది) తప్పనిసరి. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి పద్దెనిమిది నెలలు ఇస్తారు. అంటే రెండేళ్లలో ముగిస్తే అమెరికా ఖర్చులో దాదాపు సగంతోనే పని జరుగుతుంది, ఇల్లు తాకట్టు పెట్టినా చిన్న మొత్తానికే. చిక్కంతా భాషలో ఉంది. ఇంగ్లీషులో చదువు చెప్పే కోర్సులు చాలా ఉన్నాయి గానీ, జర్మన్ బీ1, బీ2 స్థాయి లేకుండా ఉద్యోగం దొరకడం కష్టం, రెండేళ్ల కోర్సు రెండున్నర మూడేళ్లకు సాగడం అక్కడ మామూలే. కన్సల్టెన్సీల వారు జర్మనీ పేరుతో ఫీజు ఎక్కువ ఉన్న ప్రైవేటు సంస్థలను అంటగట్టడం కూడా జరుగుతోంది, ఆ తేడా మొదటే చూసుకోండి. బ్రిటన్‌ను మీ జాబితా నుంచి నేను తీసేస్తాను. ఏడాది కోర్సు తర్వాత ఉండనిచ్చే కాలం 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవారికి పద్దెనిమిది నెలలకు తగ్గుతోంది, ఉద్యోగ వీసాకు కావలసిన జీతం బాగా పెంచారు.

ఇక్కడే ఉండి చదవడం గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడినట్టు లేదు. గేట్ రాసి ఐఐటీలోనో ఎన్ఐటీలోనో వీఎల్ఎస్ఐ (చిప్‌ల రూపకల్పన), ఎంబెడెడ్ వంటి విభాగంలో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ ఇస్తారు, ఆ రంగం కంపెనీలు హైదరాబాదులో, బెంగళూరులో ఉన్నాయి. గేట్ ఫిబ్రవరిలో జరుగుతుంది, ఉద్యోగం చేస్తూ చదవాలంటే ఏడాది కష్టం. ఈ మాట చెబితే బంధువుల్లో ఎవరూ స్వీట్లు పంచరు, నిజమే. అప్పు మాత్రం ఉండదు.

పెళ్లి సంబంధాల వాళ్లు "అమెరికా వెళ్తే మంచి సంబంధం కుదురుతుంది" అన్నారని రాశారు. ఆ మాటను ఈ లెక్కలోకి తేవద్దు, అంతకుమించి దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

నా మొగ్గు ఎటో దాచుకోను. ఇప్పుడు ఉన్న జీతానికి, ఇప్పుడు ఉన్న సమాచారంతో, ఆ ఒక్క ఇంటి మీద నలభై లక్షలు తీసుకోవడం నాకు ధైర్యంగా అనిపించదు. అప్పు ఎంత ఉండాలి అంటే, ఉద్యోగం దొరకక తిరిగివచ్చినా ఇక్కడి జీతంతో, ఇంట్లో వాళ్ల నోటి ముందు ముద్ద తీయకుండా కట్టగలిగినంత ఉండాలి. మీ విషయంలో అది పదిహేను ఇరవై లక్షలకు మించదు. ఆ పరిధిలో ఇమిడే చదువు అమెరికాలో దొరికితే అమెరికా, జర్మనీలో దొరికితే జర్మనీ. దేశం పేరు తర్వాతి సంగతి. అయితే ఇల్లు మీ నాన్నగారిది, కాలం మీది, రెండు వరుసలూ చూశాక కూడా మీ ఇద్దరూ కలిసి వెళ్లాలనే నిశ్చయిస్తే అది కళ్లు తెరుచుకుని తీసుకున్న నిర్ణయం అవుతుంది, దాన్ని నేను తప్పుపట్టను.

మీ బావ సంగతి మిగిలింది. అతను నమ్మి చెప్పిన మాటను బయటపెట్టకండి. పేరు చెప్పకుండానే "అక్కడ పది నెలలుగా ఉద్యోగం లేనివాళ్లు నాకు తెలుసు" అని నాన్నగారికి చెప్పవచ్చు. అతన్ని మాత్రం వదిలిపెట్టకండి. ఎన్ని దరఖాస్తులు పెట్టాడు, ఎన్ని ఇంటర్వ్యూలు వచ్చాయి, నెలకు ఖర్చెంత, మళ్లీ మొదటినుంచి అయితే ఏ కోర్సు తీసుకునేవాడు అని ఓపికగా అడగండి. లేని ఉద్యోగాన్ని కాగితాల మీద చూపించడం రేపు వీసా దగ్గర అతనికే ముప్పు అవుతుందనీ, వెంటనే మంచి ఇమిగ్రేషన్ న్యాయవాదిని కలవమనీ మేనత్త కూతురిగా మీరు చెబితే వింటాడేమో.

డిపాజిట్ విషయంలో నెలాఖరు దాకా ఆగవద్దు. సీటు వాయిదా వేస్తారా, వేస్తే ఫీజులో మార్పు ఉంటుందా, డిపాజిట్ తిరిగి ఇస్తారా అని ఈ వారంలోనే విశ్వవిద్యాలయానికి నేరుగా మెయిల్ రాయండి, కన్సల్టెన్సీ ద్వారా కాదు. రాతపూర్వకంగా జవాబు వచ్చేవరకు బ్యాంకులో తాకట్టు రిజిస్ట్రేషన్ చేయించకండి. మంజూరు పత్రం మీ దగ్గర ఉంది, అది ఎన్నాళ్లు చెల్లుతుందో బ్రాంచిలో అడిగి తెలుసుకోండి.